200 పీసులకు బాక్స్ ఏం చేయాలి? డై కొటేషన్ చూసి టెన్షన్ పట్టుకుంది

హాలియా_మోటార్
అందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర. బోరు మోటార్‌ని ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే కంట్రోలర్ తయారు చేస్తున్నాను. లోపల సిమ్ పడుతుంది, ఒక ఫేజ్ పోతే మోటార్ ఆపేస్తుంది, బోరులో నీళ్లు అందక ఉత్తగా తిరుగుతున్నా ఆపేస్తుంది. బోర్డు పని అయిపోయింది. చుట్టుపక్కల ఊళ్లలో కొన్ని పెట్టి ఒక సీజన్ నడిపించాను, కంప్లైంట్ లేదు. ఈ యాసంగికి 200 పీసులు కావాలని ఇద్దరు డీలర్లు అడుగుతున్నారు.

ఆగింది బాక్స్ దగ్గర. బోర్డు, రిలేలు (కరెంట్ కలిపే చిన్న స్విచ్చులు), సిమ్ మాడ్యూల్ అన్నీ కలిపి నాకు 1,150 పడుతుంది. బాక్స్‌కి ప్లాస్టిక్ డై, అంటే కరిగించిన ప్లాస్టిక్ పోసే అచ్చు, కొట్టించాలంటే 2,80,000 అన్నారు, జీఎస్టీ దానిమీద. 200కు పంచితే పీసుకు 1,400. సరుకు కంటే సంచి ఖరీదు ఎక్కువయ్యేట్టుంది. బోర్డు 110×70 ఎంఎం. మూత మీద 16×2 ఎల్‌సీడీ, మూడు ఎల్‌ఈడీలు, రెండు బటన్లు. కింద రెండు కేబుళ్లు, పక్కన యాంటెన్నా. ఎవరైనా ఇట్లాంటి చిన్న లాట్ చేసి ఉంటే ఎంతలో అయిందో చెప్పండి.

పాలమూరు_ఫిలమెంట్
డై ఎందుకన్నా, 200కి త్రీడీ ప్రింట్ చాలు. మహబూబ్‌నగర్‌లో నా దగ్గర రెండు ప్రింటర్లున్నాయి. మీరు చెప్పిన సైజుకు మూతతో కలిపి 130 గ్రాముల దాకా పడుతుంది, పీఈటీజీ ప్లాస్టిక్ తీగ (ఫిలమెంట్) కిలో వెయ్యి వేసుకున్నా మెటీరియల్ 130 రూపాయలే. డిజైన్ మార్చాలంటే పొద్దున ఫైల్ మార్చి సాయంత్రం పీసు తీసుకోవచ్చు, ఆ సుఖం డైలో రాదు.

సూర్యాపేట_స్టార్టర్
మెటీరియల్ 130 సరే తమ్ముడూ, టైం లెక్క చెప్పవేం? ఒక సెట్టుకు ఎన్ని గంటలు?

పాలమూరు_ఫిలమెంట్
ఎనిమిది గంటలు. కొంచెం వేగం పెంచితే ఆరున్నర, కానీ ఫినిషింగ్ పోతుంది.

సూర్యాపేట_స్టార్టర్
అదే చెప్తున్నా. 200 ఇంటూ 8, 1,600 గంటలు. రెండు మెషీన్లు రాత్రీ పగలూ ఆగకుండా తిరిగినా 33 రోజులు. మధ్యలో నాజిల్ జామ్ అవుతుంది, కరెంట్ పోతుంది, ఏడో గంటలో మూల పైకి లేచి పీసు పారేస్తాం. బయట చేయించుకుంటే గ్రాముకు ఆరు రూపాయలు అడుగుతున్నారు, అంటే 780. అది డై ఖర్చులో సగం పైనే.

ఇంకో మాట, ఇది పొలంలో ఉండే సరుకు. మే నెలలో నల్గొండ వైపు 44, 45 డిగ్రీలు మామూలే. ఎండలో స్తంభానికి కొట్టిన బాక్స్ లోపల అంతకంటే చాలా ఎక్కువుంటుంది. పీఎల్‌ఏ అనే ప్రింట్ ప్లాస్టిక్ అయితే 60 దాటగానే మెత్తబడుతుంది, మూత అరటి తొక్కలా వంకరపోతుంది. పీఈటీజీకి 80 దాకా పర్వాలేదు, కానీ ఏళ్ల తరబడి ఎండకు ఆగాలంటే ఏఎస్‌ఏ అనే ప్లాస్టిక్ కావాలి. దాని రేటు వేరు, అది వాసన లేకుండా, వంగకుండా రావాలంటే మూత ఉన్న ప్రింటర్ కావాలి.

పాలమూరు_ఫిలమెంట్
పీఎల్‌ఏ అని నేను అనలేదు కదా అన్నా. ఏఎస్‌ఏ కూడా చేస్తున్నాను. అయినా ఒప్పుకుంటా, 200 మొత్తం ప్రింట్ కొట్టడం కంటే మొదటి పది, ఇరవై ప్రింట్ కొట్టి రైతుల దగ్గర పెట్టి చూసుకోవడం నయం. నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మంది అందుకే వస్తారు.

సూర్యాపేట_స్టార్టర్
నేను చేసేది స్టార్టర్ డబ్బాలు కాబట్టి నాకు తెలిసిన దారి చెప్తా. 1.2 ఎంఎం ఇనుప రేకు (సీఆర్‌సీఏ షీట్), లేజర్ కటింగ్, బెండింగ్, పౌడర్ కోటింగ్. డై ఖర్చు సున్నా. ఎల్‌సీడీ కన్నమైనా, బటన్ కన్నమైనా లేజర్ వాడికి ఒక్కటే, ఫైల్ ఇస్తే కోసేస్తాడు. మీ సైజుకు 200 పీసులకైతే 450 నుంచి 550 మధ్య వస్తుంది. 50కి అడిగితే రేటు పైకి పోతుంది, ఎందుకంటే పౌడర్ కోటింగ్ వాళ్లకు కలర్ మార్చడం, ఓవెన్ నింపడం అనేది పీసులు ఎన్నైనా ఒకటే పని.

అచ్చంపేట_ఎంబెడెడ్
అన్నా, ఇనుప డబ్బాలో సిమ్ మాడ్యూల్ పెడితే సిగ్నల్ ఏమవుతుందో మర్చిపోతున్నారు. యాంటెన్నా తప్పనిసరిగా బయటకు రావాలి, వైరుతో కలిపి ఇంకో వంద. పొలాల్లో అసలే టవర్ ఒక గీతే ఉంటుంది. ఇనుప డబ్బాకు ఎర్త్ కూడా సరిగ్గా ఉండాలి, మన దగ్గర ఎన్ని స్టార్టర్లకు ఎర్త్ ఉంటుందో మీకే తెలుసు.

హాలియా తమ్ముడూ, ఒక ప్రశ్న. 415 వోల్టుల త్రీఫేజ్ వైర్లు మీ బాక్స్ లోపలికి వస్తున్నాయా, లేక మోటార్‌కు కరెంట్ కలిపే కాంటాక్టర్ కాయిల్ వరకేనా?

హాలియా_మోటార్
కాంటాక్టర్ పాత స్టార్టర్ డబ్బాలోనే ఉంటుంది అక్కా. నా దాంట్లోకి మూడు ఫేజుల సెన్సింగ్ వైర్లు, కాయిల్‌కి వెళ్లే రెండు వైర్లు వస్తాయి. మోటార్ లాగే కరెంట్ కొలిచే సీటీ బయట ఉంటుంది.

అచ్చంపేట_ఎంబెడెడ్
అంటే ఫేజ్ వైర్లు లోపలికి వస్తున్నట్టే, సన్నవైనా 415 వోల్టులే. అప్పుడు ప్రింట్ బాక్స్ గురించి ఇక మాట్లాడొద్దు. మామూలు ఫిలమెంట్‌కు మంట అంటుకుంటే ఆరదు. మంట తగిలినా తనంత తాను ఆరిపోయే గ్రేడ్ ప్లాస్టిక్ కావాలి, దాన్నే వీ0 అంటారు. బాక్స్ కొనేటప్పుడు డేటాషీట్‌లో ఆ మాట ఉందో లేదో చూడండి, షాపువాడి నోటిమాట వద్దు.

ఇక రేటు సంగతి. మీరు బోర్డు ముందు గీసి, దానికి బాక్స్ వెతుకుతున్నారు. చిన్న లాట్లకు అది తిరగబడాలి. బాక్స్ ముందు కొనుక్కుని దానికి సరిపోయేలా బోర్డు గీయాలి. మార్కెట్లో దుమ్ము, నీళ్లు లోపలికి రానివ్వని ఐపీ65 రకం ఏబీఎస్ ప్లాస్టిక్ బాక్సులు వరసగా సైజులున్నాయి, 158×90×60 అనేది దాదాపు అందరి దగ్గరా దొరికే సైజు. కోఠిలో గుజరాతీ గల్లీలో, సికింద్రాబాద్‌లో రాణీగంజ్‌లో అడగండి, ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి. వంద పైన తీసుకుంటే 190 అటూ ఇటూ పడుతుంది. మీ బోర్డు 110×70 కాబట్టి లోపల హాయిగా పడుతుంది, లోపల స్క్రూ బిగించే గుబ్బల (బాస్‌ల) దూరం కొలిచి బోర్డులో కన్నాలు జరుపుకుంటే చాలు. 200 బోర్డులు ఎట్లాగూ కొత్తగా ఫ్యాబ్ చేయిస్తారు, కన్నం ఐదు ఎంఎం అటు జరిపితే ఒక్క రూపాయి కూడా ఎక్కువ కాదు.

హాలియా_మోటార్
190 అంటే బాగుంది అక్కా, కానీ ఎల్‌సీడీకి చదరపు కన్నం ఎవరు కోస్తారు? ఒక రెడీమేడ్ బాక్స్ మీద చేతితో కోసి చూశాను. మూలల్లో డ్రిల్ వేసి, బ్లేడుతో కోసి, ఆకురాయి పెట్టి రుద్దేసరికి ముప్పావు గంట పట్టింది, చూస్తే ఎలుక కొరికినట్టుంది.

దేవరకొండ_డైమేకర్
బాలానగర్‌లో ఒక టూల్ రూంలో పని చేస్తున్నాను, సొంతూరు దేవరకొండ. ముందు ఆ 2,80,000 ఎక్కడ పోతుందో చెప్తా, ఎందుకంటే అందరూ మమ్మల్ని దొంగల్లా చూస్తారు.

బాక్స్‌కు డై అంటే నిజానికి రెండు డైలు, అడుగు భాగానికి ఒకటి, మూతకు ఒకటి. రెండూ ఒకే మోల్డ్ బేస్‌లో పెట్టొచ్చు, కానీ చిన్నది ముందు నిండి పెద్దది సగంలో ఆగకుండా ప్లాస్టిక్ లోపలికి వచ్చే దారులు (గేట్లు) చూసుకోవాలి. పీ20 స్టీలు, మోల్డ్ బేస్, గైడ్ పిల్లర్లు, ఇజెక్టర్ పిన్నులు, ఇవన్నీ కొనేవే. తర్వాత సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కటింగ్ మెషీన్) గంటలు. లోతైన సన్న రిబ్బులు కట్టర్‌తో రావు, ఎలక్ట్రోడ్ చేసి, కరెంట్ మెరుపులతో స్టీలును కొద్దికొద్దిగా కరిగించే స్పార్క్ మెషీన్‌లో తీయాలి, అది మెల్లగా నడిచే పని. తర్వాత పాలిష్, ట్రయల్, దిద్దుబాటు, మళ్లీ ట్రయల్.

ఇప్పుడు మీ డిజైన్‌లో రేటు ఎక్కడ పెరిగిందంటే పక్క గోడల్లో కన్నాల దగ్గర. డై పైకీ కిందికీ తెరుచుకుంటుంది. పక్క గోడలో కన్నం ఉంటే పక్కకు జరిగే స్లైడర్ పెట్టాలి, లేకపోతే పీసు బయటకు రాదు. మీకు కింద రెండు కేబుళ్లు, పక్కన యాంటెన్నా, అంటే రెండు వైపుల స్లైడర్లు. వాటికే 60, 70 వేలు పోయి ఉంటాయి. దానికి ఉపాయం ఏంటంటే, కన్నాన్ని అడుగు, మూత కలిసే గీత మీదకు తేవాలి. అడుగు భాగం గోడలో పైనుంచి యూ ఆకారంలో గాడి, మూతకు దాన్ని మూసే నాలుక. రెండూ మూతపడితే గుండ్రటి కన్నం, స్లైడర్ అక్కర్లేదు. కాకపోతే నీళ్లు రాకుండా రబ్బరు గ్రొమ్మెట్ వేసుకోవాలి.

మీ ఫైల్ ఎవరు గీశారో గానీ, గోడకు కనీసం ఒక డిగ్రీ వాలు ఇచ్చారా? రిబ్బు మందం గోడ మందంలో 60 శాతం దాటకూడదు, దాటితే బయటవైపు గుంట పడుతుంది. నిలువు గోడలతో వచ్చే డ్రాయింగులు మా దగ్గర రోజూ కనబడతాయి. వాటిని మేమే సరిచేస్తాం, ఆ గంటలూ బిల్లులోనే కలుస్తాయి.

హాలియా_మోటార్
వాలు ఇవ్వలేదన్నా. మరి స్లైడర్లు తీసేస్తే ఎంతకు రావొచ్చు?

దేవరకొండ_డైమేకర్
రెండు లక్షల చుట్టుపక్కల. అల్యూమినియం డై అయితే ఇంకా తగ్గుతుంది, కొన్ని వేల షాట్ల (ఒకసారి ప్లాస్టిక్ నింపి పీసు తీస్తే ఒక షాట్) దాకా సమస్య ఉండదు. అయినా మా పని పోయినా సరే, 200 పీసులకు డై వద్దనే చెప్తా. అక్క చెప్పిన బాక్స్‌తో లెక్క వేసుకో. బాక్స్ 190, కన్నాల కూలీ 25 వేసుకుంటే 215. డైలో పీసు 35 పడుతుంది అనుకుందాం. తేడా 180. 2,80,000ని 180తో భాగిస్తే 1,550 పైన. అన్ని పీసులు అమ్మిన తర్వాతే డై డబ్బులు తిరిగొచ్చినట్టు. అప్పటిదాకా డిజైన్ మారకూడదు. మాడ్యూల్ కంపెనీ వాడు పాత మాడ్యూల్ ఆపేసి కొత్తది ఇస్తే, కనెక్టర్ జరిగితే, డై మళ్లీ మిషన్ ఎక్కాలి.

చౌటుప్పల్_మోల్డింగ్
డై తర్వాత కథ నేను చెప్తా, మెషీన్లు నడిపేది మేము కాబట్టి. 35 రూపాయల రేటు 200 పీసులకు ఎవరూ ఇవ్వరు. ఒక్క షాట్ 40 సెకన్లు అనుకోండి, 200 అంటే రెండుంపావు గంటలు కూడా పట్టదు. కానీ మెషీన్ మీద ఉన్న డై దించాలి, మీది ఎక్కించాలి, ప్లాస్టిక్ కరిగే గొట్టంలో (బారెల్‌లో) ఉన్న పాత కలర్ పూర్తిగా కక్కించాలి, టెంపరేచర్ కుదరాలి, మొదటి షాట్లు చెత్తలోకి. ఇదంతా అసలు రన్‌కంటే ఎక్కువసేపు. అందుకే సగం షిఫ్ట్ చార్జీ కట్టమంటాం, లేకపోతే కనీసం వెయ్యి పీసులు అంటాం. కలర్ విషయంలో పట్టింపు లేకపోతే మాకు చెప్పండి, బూడిద రంగు ఏదో ఒకటి నడుస్తున్న రోజు మీది ఎక్కిస్తే కొంచెం తగ్గుతుంది.

డై ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. మా వైపు ఒకాయన డబ్బులన్నీ కట్టి డై చేయించాడు, మోల్డింగ్ వాళ్లతో రేటు దగ్గర గొడవైంది, డై బయటకు ఇవ్వలేదు. రసీదులో డై అని లేదు, డెవలప్‌మెంట్ చార్జీలు అని ఉంది. ఏడాది తిరిగాడు. డై మీద మీ పేరు చెక్కించండి, బిల్లులో డై అనే రాయించండి, ఫైనల్ డ్రాయింగ్ ఫైల్ మీ దగ్గర పెట్టుకోండి.

పాలమూరు_ఫిలమెంట్
సిలికాన్ మోల్డ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక మంచి పీసు ప్రింట్ కొట్టి, పాలిష్ చేసి, దాని చుట్టూ సిలికాన్ పోసి, అందులో వాక్యూంలో పాలీయురేథేన్ పోస్తారు. చూడ్డానికి డై పీసులాగే ఉంటుంది.

దేవరకొండ_డైమేకర్
ఉంటుంది, కానీ ఒక సిలికాన్ మోల్డ్‌లో 20 పీసుల దాకా వస్తే గొప్ప, తర్వాత చిరుగుతుంది. 200కి పది మోల్డులు, అడుగుకు పది, మూతకు పది. ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి పాతిక పీసులు కావాలంటే అది సరైన దారి.

గద్వాల_రైతుబిడ్డ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నేను కొనేవాణ్ని. మా చేను దగ్గర ఇట్లాంటిదే ఒకటుంది, వేరే కంపెనీది. ఎల్‌సీడీ ఉంది. మధ్యాహ్నం ఎండలో అది మొత్తం నల్లగా అయిపోతుంది, ఒక్క అక్షరం కనపడదు. సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ వస్తుంది. దాన్ని నేను ఎన్నడూ చదివింది లేదు, ఫోన్ చేస్తే మోటార్ నడుస్తుందో లేదో చెప్తుంది, అంతే. మాకు కావాల్సింది దూరం నుంచి కనిపించే ఒక ఎర్ర లైటు, ఒక ఆకుపచ్చ లైటు. బటన్ మాత్రం పెద్దది పెట్టండి, బురద చేతితో నొక్కితే పడాలి.

ఇంకోటి, కన్నాలు మూయండి సార్. స్టార్టర్ డబ్బాలో బల్లి దూరి ఫేజుల మధ్య పడి కాలిపోయింది మాకు. చీమలైతే చెప్పక్కర్లేదు, రిలేలో గూడు పెడతాయి.

అచ్చంపేట_ఎంబెడెడ్
చూశారా, అన్న చెప్పింది బంగారం. మామూలు 16×2 ఎల్‌సీడీలు 50 డిగ్రీల వరకే అని డేటాషీట్‌లోనే ఉంటుంది, పెద్ద టెంపరేచర్ రేంజ్‌వి వేరే దొరుకుతాయి, 70 దాకా. ఆ ఎల్‌సీడీ తీసేయండి తమ్ముడూ. దాని రేటు పోతుంది, చదరపు కన్నం పోతుంది, దాని మీద అద్దం, గమ్ము పోతాయి. కన్నం తగ్గితే ఖర్చు తగ్గుతుంది, ప్లాస్టిక్ బరువు తగ్గితే కాదు.

హాలియా_మోటార్
నాకు అభ్యంతరం లేదు అక్కా, డీలర్ ఒప్పుకోడు. డిస్‌ప్లే ఉంటేనే కౌంటర్‌లో కస్టమర్ చెయ్యి వేస్తాడు అంటాడు. డిస్‌ప్లే లేనిదాన్ని లోకల్ మాల్ అంటారట.

సూర్యాపేట_స్టార్టర్
డీలర్ మాట కూడా కొట్టిపారేయలేం. మా దగ్గర వోల్ట్ మీటర్ లేని స్టార్టర్ ఎవరూ ముట్టుకోరు, ముల్లు కదలకపోయినా సరే మీటర్ ఉండాలి.

పొలాలకు 24 గంటల కరెంట్ వచ్చాక, కరెంట్ రాగానే మోటార్‌ని దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగి చెప్పారు కదా, అప్పటినుంచి డీలర్లకు కూడా ఇది ఆటో స్టార్టర్ కాదు, ఫోన్ కంట్రోలర్ అని చూపించుకోవాల్సి వస్తోంది. దానికి డిస్‌ప్లే పనికొస్తుంది అనుకుంటా.

అచ్చంపేట_ఎంబెడెడ్
అయితే మధ్య దారి. అదే సైజులో పారదర్శకమైన పాలికార్బొనేట్ మూత ఉన్న బాక్సులు దొరుకుతాయి, 40, 50 రూపాయలు ఎక్కువ. మూతకు ఒక్క చదరపు కన్నం కూడా అక్కర్లేదు. ఎల్‌ఈడీలు బోర్డు మీదే ఉంటాయి, డిస్‌ప్లే కావాలంటే ఎర్ర సెవెన్ సెగ్మెంట్ (ఎర్ర లైట్ల గీతలతో అంకెలు చూపేది) పెట్టండి, ఎండకు నల్లబడదు, వోల్టేజీ, కరెంట్ రెండూ మార్చి మార్చి చూపిస్తే డీలర్ కూడా సంతోషం. మూత లోపలివైపు ప్రింట్ చేసిన ఫిల్మ్ అంటించండి, లైట్ల దగ్గర, అంకెల దగ్గర కిటికీలు వదిలి మిగతాది తెల్లటి రంగు. లోపల ఉంటుంది కాబట్టి గీతలు పడవు, వానకు లేవదు. తెలుపు ఎందుకంటే పారదర్శకమైన మూత అట్లాగే వదిలేస్తే లోపల వేడి పట్టుకుంటుంది. ఎక్కడో ఒక చెట్టు నీడనో రేకు కిందో పెట్టమని కాగితంలో రాయండి, ఎండకు పాలికార్బొనేట్ కూడా పసుపు తిరుగుతుంది.

బటన్లకు రెండు గుండ్రటి కన్నాలు, రబ్బరు టోపీ ఉన్న పుష్ బటన్లు. అంతే, మూతమీద పని అయిపోయింది.

సూర్యాపేట_స్టార్టర్
కన్నాలకు మామూలు డ్రిల్ బిట్ వాడొద్దు తమ్ముడూ. పెద్ద బిట్ ఏబీఎస్‌ను లాగి పగలగొడుతుంది, మూత పాలికార్బొనేట్ అయితే చుట్టూ జుట్టులాంటి పగుళ్లు వస్తాయి. స్టెప్ బిట్ తీసుకో, మెట్లుమెట్లుగా ఉంటుంది చూడు. ఒక 3 ఎంఎం ఇనుప పట్టీని బాక్స్ గోడ సైజుకు కోయించి, అందులో కన్నాల సెంటర్లు లేజర్‌తో వేయించు. దాన్ని బాక్స్‌కి ఆనించి క్లాంప్ పెట్టి, ముందు 4 ఎంఎం పైలట్ కన్నం, తర్వాత పట్టీ తీసి స్టెప్ బిట్. కేబుల్‌ని కన్నం దగ్గర బిగించి పట్టే పీజీ9 సైజు గ్లాండ్‌కు 15.2 ఎంఎం, మామూలు స్టెప్ బిట్‌లో అదే సైజు మెట్టు ఉండదు, 16 మెట్టు దగ్గర ఆపితే చాలు, నట్టు, వాషర్ ఆ సందు కప్పేస్తాయి. బెంచ్ డ్రిల్ ఉంటే ఒక కుర్రాడు రోజుకు వంద బాక్సులు చేస్తాడు. 25 రూపాయల కూలీ కూడా పడదు.

గ్లాండ్లు రెండూ కిందివైపే ఉండాలి. పైన ఒక్క కన్నం పడ్డా ఐపీ65 అన్న మాటకు అర్థం లేదు. సన్న వైర్లను ఒక్కొక్కటిగా గ్లాండ్‌లో తోస్తే బిగవదు, చీమల దారి అదే. గుండ్రటి మల్టీకోర్ కేబుల్ వాడు, 4 నుంచి 8 ఎంఎం మధ్య ఉంటే పీజీ9 గట్టిగా పట్టుకుంటుంది.

పాలమూరు_ఫిలమెంట్
కన్నాల సెంటర్లు చూపే ఆ పట్టీ (జిగ్) నేను ప్రింట్ కొట్టిస్తా ఫ్రీగా, కన్నాల్లో ఇనుప బుష్‌లు వేసుకోండి.

హాలియా_మోటార్
అందరికీ థాంక్స్. లెక్క వేశాను. పారదర్శక మూత బాక్స్ 235, గ్లాండ్లు రెండు 24, ఫిల్మ్ 30, బటన్ కన్నాలు, గ్లాండ్ కన్నాల కూలీ 15, స్క్రూలు అవీ ఇవీ 6. మొత్తం 310. ఎల్‌సీడీ తీసేసి సెవెన్ సెగ్మెంట్ పెడితే బోర్డులో కూడా కొంత మిగులుతుంది. డై మాట ప్రస్తుతానికి ఆపేస్తున్నా. యాంటెన్నా బాక్స్ లోపలే గోడకు అంటించేది వాడితే పక్క కన్నం కూడా పోతుంది కదా?

అచ్చంపేట_ఎంబెడెడ్
ప్లాస్టిక్ బాక్స్ కాబట్టి పోతుంది, కానీ రిలేలకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా పైగోడకు అంటించండి. అంటించాక మూత బిగించి సిగ్నల్ చదవండి, తెరిచి ఉన్నప్పుడు చదివి మురిసిపోవద్దు. ఇనుప స్టార్టర్ డబ్బాకు ఆనించి బిగిస్తే మళ్లీ తగ్గుతుంది, రెండింటి మధ్య జానెడు ఎడం ఉంచమనండి. సిగ్నల్ మరీ లేని ఊళ్లకు బయట యాంటెన్నాతో కొన్ని పీసులు వేరుగా చేసి పెట్టుకోండి.

200 ఒకేసారి కొనే ముందు ఐదు బాక్సులు రెండు వేర్వేరు షాపుల నుంచి తెప్పించుకోండి. పైకి ఒకే సైజు ఉన్నా లోపల బాస్‌ల దూరం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఏది ఖాయం చేస్తే ఆ 200 ఒకే లాట్‌లో తీసుకోండి, తర్వాతే బోర్డు తయారీ ఫైల్ (గెర్బర్) పంపండి.

దేవరకొండ_డైమేకర్
డిజైన్ అంతా ఒక చోట చూసుకోవాలంటే హైదరాబాద్‌లో టీ-వర్క్స్ ఉంది, ప్రోటోటైప్ మెషీన్లన్నీ ఉంటాయి. డై గురించి సీరియస్‌గా నేర్చుకోవాలనుకునే పిల్లలెవరైనా ఉంటే బాలానగర్‌లో సీఐటీడీ (కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ), 1968 నుంచి నడుస్తోంది, మా టూల్ రూంలో సగం మంది అక్కడివాళ్లే.

చౌటుప్పల్_మోల్డింగ్
హాలియా అన్నా, 200 బాక్సులంటే బరువేం ఉండదు కానీ గాలి ఎక్కువ, పెద్ద అట్టపెట్టెలు నాలుగైదు అవుతాయి. కొరియర్ వాడు బరువు, సైజు రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే వేస్తాడు. ఆర్టీసీ కార్గోలో వేయించుకోండి, తక్కువలో పోతుంది. బిల్లు మీద మీ జీఎస్టీ నంబర్ వేయించడం మర్చిపోవద్దు, ఆ 18 శాతం క్రెడిట్ తీసుకోవచ్చు.

హాలియా_మోటార్
సోమవారం కోఠి పోతున్నా అన్నా. మూత రబ్బరు గాస్కెట్‌తో పాటే వస్తుందా, విడిగా కొనాలా?

చౌటుప్పల్_మోల్డింగ్
పాటే రావాలి. మూత తెరిచి గాడిలో వేలు పెట్టి చూడు, రబ్బరు తాడులా ఒకే ముక్కగా ఉండాలి. స్పాంజి అంటించి ఇస్తే ఆ షాపు వదిలేయ్.